పోలికలా, ఛాయలా? కాస్త కాస్త కలిస్తే ఏమనాలి?

మొన్న మా చెల్లి కొడుకు బారసాలలో మా మేనత్త ఉయ్యాల్లోకి తొంగిచూసి "వీడికి తాత ఛాయ వచ్చిందే" అంది. మొహంలో ఎక్కడో వాళ్ళన్నయ్య కనిపిస్తున్నాడని ఆవిడ ఉద్దేశం. మా నాన్నేమో బాగా నలుపు. ఇంకేముంది, "వీడు నల్లగా ఉన్నాడనా అత్తా?" అని చెల్లి మొహం ముడుచుకుంది. చివర ఒక్క "లు" తగిలించి ఛాయలు అని ఉంటే గొడవే లేదు. ఒంటరిగా ఛాయ అంటే మనకి ఒంటి రంగే గుర్తొస్తుంది, చామనఛాయలో ఉన్నదీ అదే కదా.

మరి పోలికలు అంటే సరిపోయేదిగా అంటారేమో. సరిపోయేదే, కానీ రెండూ ఒకటి కాదు. పోలిక అన్నాక చూపించగలగాలి: ముక్కు నాన్నది, నవ్వు మేనమామది, చెవులు మాత్రం ఎవరివో దేవుడికే తెలియాలి. ఛాయలు అలా వేలు పెట్టి చూపించేవి కావు, తల తిప్పినప్పుడో కోపం వచ్చినప్పుడో ఆ మనిషి ఒక్క క్షణం కనబడి మాయమవుతాడు, అంతే. నీడ అనే పాత అర్థం ఇందులో ఇంకా బతికే ఉంది.

మనుషుల్ని వదిలేసి లిపులు చూడండి. తెలుగుకీ కన్నడానికీ పోలికలున్నాయంటాం. ఒకే పాత లిపి నుంచి వచ్చినవి కాబట్టి గ, న, ల లాంటివి పక్కపక్కన పెడితే తలకట్టు దగ్గరే ముఖ్యమైన తేడా, క, త, శ దగ్గరికొచ్చేసరికి మాత్రం దారులు విడిపోతాయి. అదే "తెలుగులో కన్నడ ఛాయలున్నాయి" అన్నారనుకోండి, అది అసలు, ఇది నీడ అన్నట్టవుతుంది, తెలుగువాళ్ళకి కోపం రావచ్చు! పిల్లల విషయంలో పోలిక కూడా ఒకవైపే నడుస్తుందనుకోండి, తండ్రికి కొడుకు పోలికలు వచ్చాయని ఎవరూ అనరు.

పొంతన అనే మాట కూడా ఉంది గానీ, జాతకాలు చూసేటప్పుడు తప్ప అది ఎక్కువగా "లేదు"తోనే వస్తుంది. అచ్చుగుద్దినట్టు, పుణికిపుచ్చుకోవడం పూర్తి సరుకు, వాటి ముందు "కొంచెం" పెట్టకండి.

నన్నడిగితే, చూపించగలిగితే పోలికలు, అనుమానంగా ఉన్నా పోలికలే. ఛాయలు కథల్లో బాగుంటుంది, వార్తల్లో అది విషాదంతో కలిసి తిరిగీ తిరిగీ అరిగిపోయింది. తెలంగాణలో అయితే ఈ బాధే లేదు, "తాత లెక్కనే ఉన్నడు" అనేస్తారు, ఎంతమేరకు అన్నది వినేవాళ్ళే చూసుకోవాలి.