పాకాల బస్సా, ఊరి చెరువు గట్టా?

దసరా సెలవులు అయిపోగానే మా స్టాఫ్ రూములో ఏటా ఒకటే పంచాయితీ. జీవవైవిధ్యం పాఠం కోసం పిల్లల్ని పాకాల చెరువుకు తీసుకుపోదామా, లేక ఆ తిప్పలు మానుకుని ఊళ్లోనే ఏదైనా చేయిద్దామా అని. వరంగల్ దగ్గర ఒక సర్కారు బడిలో నేను జీవశాస్త్రం చెబుతాను. రెండూ చేసి చూశాను కాబట్టి రాస్తున్నాను.

పాకాలకు వంక పెట్టడానికి లేదు. గణపతిదేవుని కాలంలో, పదమూడో శతాబ్దంలో కట్టిన చెరువు. చుట్టూ అడవి. ఆ అడవి 1952 నుంచి అభయారణ్యం. అడవి ఉండబట్టి చెరువులోకి నీళ్లు ఎలా వస్తున్నాయో, చెరువు కింద ఎంత సేద్యం సాగుతోందో కట్ట మీద నిలబెట్టి చూపించొచ్చు. నల్లబల్ల మీద ఎన్ని బాణం గుర్తులు గీసినా అది రాదు.

కానీ మేం పోయింది రెండు బస్సుల్లో, దాదాపు తొంభై మంది. ఆ గోలకు ఏ పిట్ట నిలుస్తుంది? పిల్లలు దగ్గరగా చూసింది కోతుల్ని, అదీ చిప్స్ ప్యాకెట్లు గుంజుకుంటుంటే. మర్నాడు ప్రాజెక్టు రాయమంటే సగం మంది గైడులో ఉన్న పేరానే దించారు. హన్మకొండ జూకు పోయినప్పుడూ ఇంతే. జంతువు దగ్గరగా కనిపిస్తుంది, అది బతికే చోటు మాత్రం కనిపించదు.

పోస్టర్ల పోటీ, మొక్కలు నాటుడు గురించి ఎక్కువ చెప్పను. ఫొటో దిగిన తర్వాత ఆ మొక్కకు నీళ్లెవరు పోశారో ఎవరూ అడగరు.

ఇక చెరువు గట్టు. ఏడో తరగతికి శనివారం చివరి పీరియడ్ అదే. ఒక లాంగ్ నోట్‌బుక్, అందరికీ కలిపి ఒక ఫోన్, అదీ నాదే. తేదీ, టైము, ఎండా మబ్బా, ఏ పిట్టలు ఎన్ని. మొదటి వారం అంతా 'కొంగ, కొంగ, కొంగ'. నెల తిరిగేసరికి నీటికాకి, బుడుబుంగ, లకుముకిపిట్ట వేరయ్యాయి. ఒకే చోటును మళ్లీ మళ్లీ చూస్తే వచ్చే తేడా ఇది. ఒక్కరోజు ట్రిప్పులో 'పోయిన నెల ఉన్నది ఇప్పుడేమైంది?' అనే ప్రశ్నే పుట్టదు.

అన్నిటికన్నా నాకు పనికొచ్చింది మాత్రం బతుకమ్మ. సద్దులకు ముందు ప్రతి పిల్లకూ, పిల్లగానికీ ఒక పని ఇచ్చాను: గునుగు, తంగేడు ఎక్కడ కోశారు, ఎంత దూరం నడిచారు, మీ నాయనమ్మ చిన్నప్పుడు ఎక్కడ కోసేది, అడిగి రాయండి. నాయనమ్మలందరిదీ దాదాపు ఒకే జవాబు: ఇంటెనుక, చెల్క గట్టు మీద. పిల్లల జవాబులు పక్క ఊరి దాకా పోయాయి. కొందరైతే అంగట్లో కొన్నామని రాశారు. ఎందుకని అడిగితే ఒకడు లేచి, "గట్ల మీద గడ్డిమందు కొడతరు సార్, మా బాపు కూడా కొడతడు" అన్నాడు. పత్తి చేలో గునుగు కలుపు మొక్క, బతుకమ్మ పళ్లెంలో పువ్వు. దీని మీద క్లాసులో ఆ రోజంతా వాదులాట. తండ్రులది తప్పని నేను తీర్పు చెప్పలేదు. కలుపు కూలీ ఎంతో నాకూ తెలుసు.

రాష్ట్ర పుష్పం తంగేడు, రాష్ట్ర వృక్షం జమ్మి, రాష్ట్ర పక్షి పాలపిట్ట. మూడూ మనకు దసరా రోజుల్లోనే గుర్తొస్తాయి. పాలపిట్టను పట్టి పంజరంలో పెట్టి దర్శనానికి తిప్పడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరమని చెప్పినప్పుడు క్లాసు గప్‌చుప్ అయింది. ఇంట్లో రామచిలుకను పెంచడమూ నేరమే అన్నాక ఇద్దరు తల దించుకున్నారు.

గట్టుతో టెన్షన్లు లేవని కాదు. నీళ్లు, పాములు. ఇరవై మందికి మించి తీసుకుపోను, తూము దగ్గరికి పోనివ్వను, గూళ్లు ముట్టుకోనివ్వను. "చదువు మానిపించి కొంగల్ని లెక్కబెట్టిస్తున్నవా సారూ?" అని ఒక తల్లి నిలదీసింది. పైగా మా చెరువు చూసినంత మాత్రాన అడవి అంటే ఏమిటో తెలియదు. ఆ లోటు నిజమే.

అందుకే నా లెక్క ఇది. ఆరు నుంచి ఎనిమిది దాకా చెరువు గట్టే మేలు, అనుమానం లేదు. తొమ్మిదిలో రెండు పనులు. ఒకటి ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు, అంటే ఊళ్లో ఏ మొక్కలు, ఏ జీవాలు ఉన్నాయో రాసిపెట్టే పుస్తకం. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం స్థానిక సంస్థల్లో ఉండే జీవవైవిధ్య కమిటీలు దాన్ని రాయాలి. మన నోట్‌బుక్కును దానితో పోల్చి, లేనివి కలపమని పంచాయతీకి అర్జీ రాయించొచ్చు. చేపలు పట్టేవాళ్లను అడిగితే కొర్రమట్ట ముందు ఎంత పడేదో, ఇప్పుడెంత పడుతోందో చెబుతారు, అదీ రాసుకోవచ్చు. రెండోది పాకాల. అప్పటికి చూడటం వచ్చి ఉంటుంది కాబట్టి బస్సు కిరాయి దండగ కాదు. పదో తరగతిని మాత్రం ఈ పనుల్లోకి లాగను, పరీక్షల ఏడాది వాళ్లకు ఉన్నది చాలు.

ఈసారి ఒక్క బస్సే మాట్లాడాం. ముప్పై మంది, పొద్దున ఆరింటికే బయల్దేరడం. చిప్స్ ప్యాకెట్లు బడిలోనే.