గుంటూరు ఎస్టీల లెక్కకు పీఎల్‌ఎఫ్‌ఎస్ డేటా: నాలుగేళ్లు కలిపితే ఏం తెలుస్తుంది?

కేంద్ర గణాంక శాఖ మైక్రోడేటా సైట్‌లో పేరు నమోదు చేసుకుంటే పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వే (పీఎల్‌ఎఫ్‌ఎస్, ఎవరు ఏ పని చేస్తున్నారో ఇంటింటికీ వెళ్లి అడిగే దేశవ్యాప్త సర్వే) ఫైళ్లు ఉచితంగా దొరుకుతాయి. 2011 జనాభా లెక్కలు పాతబడిపోయాయి కాబట్టి, గుంటూరు, విజయవాడల్లో ఎస్టీల పని గురించి రాసేవాళ్లకు ఇది విలువైన వనరు. కానీ ఒక్క ఏడాది ఫైల్‌ను జిల్లాకూ ఎస్టీలకూ కుదిస్తే మిగిలేది గుప్పెడు ఇళ్లే.

ఉదాహరణకు 200 మంది దొరికారనుకుందాం. సగం మంది కూలికి వెళ్తున్నారని తేలితే, అటూఇటూ 7 పాయింట్ల తేడా ఉండొచ్చు. ఒకే ఊళ్లో ఎనిమిదేసి ఇళ్లు తీసుకోవడం వల్ల, ఒకే పేట జనం ఒకేలా ఉండటం వల్ల, అది సులువుగా 10 దాకా పోతుంది. నాలుగేళ్లు కలిపి 800 మంది అయితే 5కు తగ్గుతుంది.

కలపడంలోనే మెలకువ కావాలి. మొదటి విజిట్ ఫైలే వాడాలి. 2024 దాకా పట్టణాల్లో అదే ఇంటికి మళ్లీ మళ్లీ వెళ్లేవారు కాబట్టి రీవిజిట్ ఫైల్ కలిపితే ఒకే కుటుంబం పలుసార్లు లెక్కకొస్తుంది. ఫైల్‌లోని ఎన్‌ఎస్‌ఎస్, ఎన్‌ఎస్‌సీ అనే రెండు కాలమ్‌ల అంకెలు సమానమైతే మల్టిప్లయర్‌ను (ఒక్కో మనిషి ఎంతమందికి ప్రతినిధో చెప్పే అంకె, అంటే వెయిట్) 100తో, లేకపోతే 200తో భాగించాలి. తర్వాత క్వార్టర్ల సంఖ్యతో, నాలుగేళ్లు కలిపాం కాబట్టి చివర 4తో. ఈ చివరిది మర్చిపోతే శాతాల్లో తేడాయే రాదు, మనుషుల సంఖ్య మాత్రం నాలుగింతలవుతుంది. అందుకే ఈ తప్పు కంటపడదు. ఎఫ్‌ఎస్‌యూ (సర్వేకు ఎంచుకున్న ఊరు లేదా పట్టణ బ్లాక్) నంబరుకు ముందు సంవత్సరం తగిలించాలి, లేకపోతే వేర్వేరు ఊళ్లు ఒకటైపోతాయి.

జిల్లా హద్దులది ఇంకో చిక్కు. 2022 ఏప్రిల్ 4న గుంటూరులోంచి పల్నాడు, బాపట్ల విడిపోయాయి. బాపట్లలో పాత ప్రకాశం నుంచి వచ్చిన చీరాల ప్రాంతం కూడా ఉంది. నూజివీడు, కైకలూరు కృష్ణా నుంచి ఏలూరుకు వెళ్లాయి. కొత్త జిల్లాలను కూడితే పాత జిల్లా తిరిగి రాదు. కాబట్టి ఒకే కోడ్ పుస్తకం నడిచిన సంవత్సరాలనే కలపాలి. 2025 జనవరిలో శాంపిల్ పద్ధతే మారింది: ఎఫ్‌ఎస్‌యూకు 8 ఇళ్ల బదులు 12, జిల్లానే మూల స్ట్రాటమ్ (శాంపిల్ తీయడానికి చేసే విభాగం). ఆ గీత దాటి కలపకూడదు. 2020 లాక్‌డౌన్ నెలలు సగటులో కరిగిపోతాయి, వాటిని విడిగా చూడాలి.

ఈ డేటాలో ఎస్టీ అన్న ఒక్క కోడే ఉంటుంది. యానాదులు, ఎరుకలు, సుగాలీలు వేర్వేరుగా కనిపించరు. యానాదుల గురించే తెలుసుకోవాలంటే పేటకు వెళ్లి ఇంటింటి జాబితా రాసుకోవాల్సిందే.

అమెరికన్ కమ్యూనిటీ సర్వే 65,000 కంటే తక్కువ జనాభా ఉన్న ఊళ్లకు, ప్రామాణిక పట్టికల్లో ఐదేళ్ల అంచనాలే ఇస్తుంది, పక్కనే ఎర్రర్ మార్జిన్‌తో. ఇక్కడ ఫైల్ నుంచి జిల్లా అంకె తీసేవాళ్లు ఆ మార్జిన్‌ను సొంతంగా లెక్కించుకోవాలి. ఆర్ (R) అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లోని సర్వే ప్యాకేజీకి స్ట్రాటమ్, ఎఫ్‌ఎస్‌యూ, వెయిట్ మూడూ ఇస్తే అయిపోతుంది. రెండు మూడు పెద్ద ప్రశ్నలకు ఈ డేటాను నమ్మొచ్చు: కూలి పని వాటా, ఆడవాళ్ల పని, పదో తరగతి దాటినవాళ్లు. అంతకంటే సన్నగా విడగొట్టి అచ్చు వేయొద్దు.