ఎర్ర టీషర్టు ఇంగ్లీషు సారు కోర్సుకి డబ్బులు కట్టే ముందు ఒక్కసారి ఇది చదవండి

ముందే చెప్తున్నా, కోపంలో రాస్తున్నా, ఎక్కడైనా అతుకుబొతుకుగా ఉంటే సర్దుకుని చదువుకోండి. పేరు రాయను, రాస్తే లీగల్ నోటీసు పంపిస్తానని ఆయన ఇప్పటికే బెదిరించాడు. అయినా పేరు ఎందుకు లెండి. రాజమండ్రి నుంచి నరసాపురం దాకా ఎస్ఎస్‌సీకో (పదో తరగతి కాదు, కేంద్ర ఉద్యోగాలకి పరీక్షలు పెట్టే స్టాఫ్ సెలెక్షన్ కమిషన్) బ్యాంకుకో చదువుతున్న వాళ్లలో ఆయన రీల్స్ చూడని వాళ్లెవరు? ఎర్ర టీషర్టు, వెనకాల గోదావరి బ్రిడ్జి ఫోటో, "తెలుగు మీడియం తమ్ముళ్లూ చెల్లెళ్లూ" అని మొదలుపెట్టి "మీ సెలెక్షన్ నా బాధ్యత" అని ముగిస్తాడే, ఆయనే.

నాది అమలాపురం దగ్గర పల్లెటూరు. డిగ్రీ అయ్యాక ఇంట్లో ఉండే సీజీఎల్‌కి, అంటే డిగ్రీ వాళ్లకి ఎస్ఎస్‌సీ పెట్టే పరీక్షకి, చదువుకుంటున్నా. లెక్కలు, రీజనింగ్ ఎలాగోలా నెట్టుకొస్తాను, ప్రాణం తీసేది ఇంగ్లీషే. టైర్-1లో, అంటే మొదటి దశలో, 25 ప్రశ్నలు, 50 మార్కులు, అది ఎలాగో గట్టెక్కినా టైర్-2లో ఇంగ్లీషు ఒక్కటే 45 ప్రశ్నలు, ఒక్కోదానికి 3 మార్కుల లెక్కన 135. లెక్కలకీ రీజనింగ్‌కీ చెరో 30 ప్రశ్నలే. అంటే మనలాంటి తెలుగు మీడియం వాళ్లని ఎక్కడ పట్టుకోవాలో అక్కడే పట్టుకున్నారన్నమాట. ఎంటీఎస్, సీహెచ్ఎస్ఎల్ (పదో తరగతి, ఇంటర్ వాళ్లకి ఎస్ఎస్‌సీ పెట్టే పరీక్షలు) పేపర్లు ఇప్పుడు తెలుగులో కూడా ఇస్తున్నారు కదా అని మా బంధువులు సంబరపడుతుంటారు. ఇస్తున్నారు గానీ అందులో ఇంగ్లీషు భాగం ఇంగ్లీషులోనే ఉంటుంది మరి. ఈ భయం మీదే ఈ సార్ల వ్యాపారమంతా.

దసరా ఆఫర్ అన్నాడు. 6,000 రూపాయల కోర్సు 2,499కే, ఈ రాత్రి పన్నెండు దాటితే ఆఫర్ ఉండదు అని స్క్రీన్ మీద గడియారం తిరుగుతోంది. (ఆ గడియారం మర్నాడూ తిరిగింది, సంక్రాంతికీ తిరిగింది, ఇప్పటికీ తిరుగుతూనే ఉంది, వెళ్లి చూసుకోండి.) రోజూ రాత్రి తొమ్మిదింటికి లైవ్ క్లాసు, డౌట్ అడిగితే ఇరవై నాలుగు గంటల్లో జవాబు, టాపిక్ వారీగా ప్రాక్టీసు పేపర్లు, వొకాబులరీ పుస్తకం కొరియర్‌లో ఇంటికి, వ్యాలిడిటీ జీవితాంతం. నాన్న కొబ్బరికాయలు అమ్మిన డబ్బుల్లోంచి తీసి ఇచ్చారు. కాయ రేటు బాగాలేని రోజులు. "చదువుకే కదమ్మా" అన్నారు, అంతే. ఆయన నంబరుకి ఫోన్‌పే చేశాను. కంపెనీ పేరు మీద కాదు, సొంత నంబరుకే. బిల్లు అడగలేదు. నా తెలివికి నాకే ఒక మొమెంటో ఇచ్చుకోవాలి.

లైవ్ క్లాసులు మొదటి వారం జరిగాయి. తర్వాత సారుకి గొంతు నొప్పి, తర్వాత నెట్ ప్రాబ్లం, తర్వాత ఎప్పుడో పాత బ్యాచ్‌కి చెప్పిన వీడియోలనే లైవ్ అని పెట్టేశాడు. చాట్‌లో డౌట్ రాస్తే వీడియోలో సారు ఇంకెవరి డౌట్‌కో జవాబు చెప్తుంటాడు. పుస్తకం వచ్చింది, కొరియర్ చార్జీ వేరే కట్టించుకుని మరీ. స్పైరల్ బైండింగ్, జిరాక్స్ కాపీలు, సగం పేజీల్లో అంచున అక్షరాలు తెగిపోయి ఉన్నాయి. ఇదంతా కూడా నేను ఓర్చుకున్నాను. మన డబ్బు పోతే పోయింది, ప్రాక్టీసు పేపర్లయినా ఉన్నాయి కదా అనుకున్నా. అసలు దెబ్బ ఆ పేపర్లలోనే ఉంది.

స్పాటింగ్ ఎర్రర్స్, అంటే వాక్యంలో తప్పు కనిపెట్టే ప్రశ్నలు, చేస్తుంటే నాకు ఎప్పుడూ పదికి నాలుగే వచ్చేవి. నా బుర్రే మొద్దు అనుకుని కీలో ఏముంటే అది నోట్సులోకి ఎక్కించుకుని బట్టీ పట్టేశాను. ఒకరోజు మా ఊళ్లో రిటైరైన ఇంగ్లీషు మాస్టారి దగ్గరికి ఆ పేపర్లు పట్టుకెళ్లి చూపించా. ఆయన అరుగు మీద కూర్చుని కళ్లజోడు సర్దుకుని ఒక్కొక్కటీ చదువుతూ మధ్యలో నవ్వడం మొదలుపెట్టారు. "వన్ ఆఫ్ ది బాయ్స్" తర్వాత కీలో "ఆర్" అని ఉంది. అక్కడ లెక్కలోకి వచ్చేది ఆ ఒక్కడే, బాయ్స్ కాదు, కాబట్టి "ఈజ్" రావాలి, ఇది తొమ్మిదో తరగతి పాఠం అన్నారు. "నో సూనర్" తర్వాత "వెన్" పెట్టి నో ఎర్రర్ అని ఇచ్చాడు. నో సూనర్‌కి జత "దాన్", హార్డ్లీకి జత "వెన్", రెండూ కలిపి వండేశాడు. "సీనియర్ దాన్" కూడా నో ఎర్రరే ఆయన లెక్కలో. సీనియర్, జూనియర్, సుపీరియర్, ఇన్ఫీరియర్ వీటి తర్వాత "టు" వస్తుందని పోటీ పరీక్షల్లో ఎన్నిసార్లు అడిగి ఉంటారో! వన్ వర్డ్ సబ్‌స్టిట్యూషన్‌లో (వివరణ ఇచ్చి దానికి ఒక్క మాట అడిగే ప్రశ్నలు) దేవుడు లేడు అనేవాడు అగ్నాస్టిక్, ఉన్నాడో లేడో తెలియదు అనేవాడు అథీయిస్ట్ అని తారుమారు చేసి ఇచ్చాడు. ఎక్స్‌ప్లనేషన్ అని ఒక గడి ఉంటుంది, అందులో "ఆప్షన్ సి కరెక్ట్ కాబట్టి ఆన్సర్ సి". ఇంతకన్నా వివరంగా ఎవరు చెప్తారండి.

మాస్టారు పేపర్లు నా చేతికిచ్చి "ఈ కీ తయారుచేసినాయన్ని ఒకసారి నా దగ్గరికి రమ్మనమ్మా, ఫీజు తీసుకోకుండా చెప్తా" అన్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. టైర్-1లో ఒక్క తప్పు పెడితే వచ్చే 2 మార్కులు రాకపోగా అర మార్కు కోస్తారు. టైర్-2లో అయితే 3 పోయి, పైగా 1 కోత. తెలియని ప్రశ్న వదిలేస్తే సున్నాతో పోతుంది, తప్పుని ఒప్పు అని నేర్చుకున్నవాళ్లు మాత్రం ధైర్యంగా టిక్కు పెట్టి మరీ మునుగుతారు. డబ్బులు తీసుకుని ఏమీ నేర్పకపోయినా నేను ఇంత బాధపడేదాన్ని కాదు. డబ్బులు తీసుకుని తప్పులు నేర్పాడు. ఇప్పుడు ఆ నోట్సులో ఏది నమ్మాలో ఏది కొట్టేయాలో తెలియక మొత్తం అటక మీద పడేసి మొదటి నుంచి మొదలుపెట్టాను.

సరే, రీఫండ్ అడుగుదామనుకున్నా. ఇక్కడ నేనొక వెర్రి పని చేశాను. తెలుగులో అడిగితే చులకనగా చూస్తాడేమో, ఇంగ్లీషు సారు కదా, ఇంగ్లీషులోనే మర్యాదగా రాద్దాం అనుకున్నా. "సర్, ఐ హావ్ పెయిడ్ ది ఫీ లాస్ట్ మంత్. వన్ ఆఫ్ ది పీడీఎఫ్స్ ఈజ్ నాట్ ఓపెనింగ్ అండ్ ది కీ హాజ్ మెనీ మిస్టేక్స్. ప్లీజ్ రిటర్న్ మై మనీ." ఇంతే రాసింది. ఆయన ఒక్కడికే పంపా, గ్రూపులో కాదు. నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు.

ఆ రాత్రి అన్నం తింటుంటే ఫోను ఆగకుండా మోగుతోంది. తీసి చూస్తే టెలిగ్రామ్ గ్రూపు. నాలుగు వేల పైచిలుకు మంది ఉన్న గ్రూపులో నా మెసేజ్ స్క్రీన్‌షాట్! పైన నా పేరు, నా ఫోటో, నా నంబరు అన్నీ కనిపిస్తున్నాయి, కనీసం చెరపలేదు. ఎర్ర పెన్నుతో రెండు చోట్ల సున్నాలు చుట్టి కింద రాశాడు, "ఈరోజు స్పాటింగ్ ఎర్రర్. తప్పులు కనిపెట్టండి. కరెక్ట్‌గా చెప్పినవాళ్లకి ఈ అమ్మాయి అడిగిన రీఫండ్ బహుమతి". కింద వందల నవ్వు బొమ్మలు. "సార్ సూపర్", "సార్ రాక్స్", "ఈ ఇంగ్లీషుతో సీజీఎలా అక్కా". వాళ్లలో ముగ్గురు నలుగురు నాతో పాటు డిగ్రీ చదివినవాళ్లే. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అమ్మ "ఏమైందే" అంటుంటే ఏం చెప్పాలో తెలియలేదు.

వెటకారం మాకు కొత్త కాదు. మా కోనసీమలో పెళ్లి భోజనంలో కూర బాగుందన్నా నిజంగా అన్నారా, వెటకారమా అని ఇంకోసారి మొహం చూస్తారు. కానీ మావాళ్లు విస్తరి వేసి అన్నం పెట్టి మరీ వెటకారం చేస్తారు, మన దగ్గరే డబ్బులు పుచ్చుకుని మనల్ని నలుగురిలో నవ్వులపాలు చెయ్యరు.

పైగా అసలు తమాషా చూడండి. ఆయన చుట్టిన మొదటి సున్నా కరెక్టే, లాస్ట్ మంత్ అని చెప్పాక "హావ్ పెయిడ్" రాకూడదు, "పెయిడ్" అనాలి, ఒప్పుకుంటా, నేర్చుకుందామనే కదా డబ్బులు కట్టింది. రెండో సున్నా ఎక్కడ చుట్టాడో తెలుసా? "వన్ ఆఫ్ ది పీడీఎఫ్స్ ఈజ్" దగ్గర, "ఈజ్" మీద! పక్కన బాణం గుర్తు వేసి "ఆర్" అని రాశాడు! నేను ఏ తప్పు గురించి ఫిర్యాదు చేశానో అదే తప్పుతో నన్ను దిద్దాడు. నాలుగు వేల మందిలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు "సార్, అక్కడ ఈజ్ కరెక్టే కదా" అనలేదు. అనేవాళ్లేమో కూడా, మనకి తెలిసేలోపు మెసేజ్‌లు అడ్మిన్లు మాత్రమే పెట్టేలా మార్చేశాడు. నేను జవాబు టైపు చేస్తుంటే కింద గడి మాయమైపోయింది. కాసేపటికి గ్రూపులోంచే తీసేశాడు. యాప్‌లో లాగిన్ అవుతుంటే అకౌంట్ లేదంటోంది. జీవితాంతం వ్యాలిడిటీ అంటే ఎవరి జీవితమో ముందే కనుక్కోవాల్సింది.

మర్నాటి నుంచి ఎవరెవరో హాయ్ అని, ఇంగ్లీషు నేర్పమంటావా అని మెసేజ్‌లు. ఒకడు ఏకంగా వీడియో కాల్ చేశాడు. తమ్ముడు రాజమండ్రి వెళ్లి ఆయన ఆఫీసు ముందు కూర్చుంటానంటే నాన్న వద్దని ఆపారు. నేనే ఫోన్ చేశా. "ఏమ్మా, నాలుగు రాళ్లకి ఇంత గొడవా, ఫ్రీగా ఇంగ్లీషు నేర్పా, థాంక్స్ చెప్పాలి నువ్వు" అన్నాడు. నంబరు చెరపకుండా పెట్టడమేంటండి అంటే "ఏదైనా పోస్టు పెట్టావంటే పరువు నష్టం కేసు వేస్తా" అని పెట్టేశాడు. పరువు ఎవరిది, నష్టం ఎవరిది!

ఇంకోటి. ఆయన గోడ మీద ఫోటోలు ఉంటాయి చూడండి, మా బ్యాచ్ సెలెక్షన్స్ అని. అందులో ఒకరు మా పక్క ఊరి అబ్బాయే. అడిగితే "నేను ఆయన దగ్గర ఎప్పుడూ చదవలేదు, ఒక ఫ్రీ పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేసుకున్నా, అంతే" అన్నాడు. సెలెక్ట్ అయ్యాక వాళ్ల నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోకుండా ఫోటోలు, పేర్లు వాడకూడదని 2024 నవంబరులోనే కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ కోచింగ్ సెంటర్లకి మార్గదర్శకాలు ఇచ్చింది. ఏ కోర్సు చదివారో కూడా చెప్పాలి అందులో. సారు ఇవి చదివి ఉండడు. ఆయనకి ఆన్సర్ సి కరెక్ట్ కాబట్టి సి.

అసలు ఎస్ఎస్‌సీ వాళ్లే పరీక్ష అయ్యాక కీ విడుదల చేసి, తప్పుంటే అభ్యంతరం పెట్టుకోమని గడువు ఇస్తారు. ప్రశ్నపత్రం తయారుచేసే కమిషనే తప్పు జరగొచ్చని ఒప్పుకుంటుంటే ఈయన మాత్రం ఒప్పుకోడు.

1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను. తెలుగులో చెప్తే తీసుకున్నారు. దాంతో పని జరగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్దామని నాన్న అంటున్నారు. 5 లక్షల లోపు వ్యవహారానికి అక్కడ ఫీజు ఉండదట, కాబట్టి 2,499కి ఎందుకులే అని వదిలేయకండి. నా నంబరు బయటపెట్టిన సంగతి మీద సైబర్ క్రైమ్ వాళ్లకి కూడా వేరేగా రాస్తున్నా.

మీరు కొనే ముందు చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. ఒక ప్రాక్టీసు పేపరు కీతో సహా అడిగి తీసుకుని మీ స్కూల్లో ఇంగ్లీషు చెప్పిన టీచరుకి చూపించండి, ఐదు నిమిషాల పని. సొంత నంబరుకి డబ్బులు కట్టకండి, బిల్లు లేకుండా అసలే కట్టకండి. కీలో తప్పు దొరికితే మొహమాటపడకుండా అడగండి, అతని మొహం అప్పుడు చూడాలి. ప్రాక్టీసుకి పాత పేపర్లు చాలు, వాటి అసలు కీలతో సరిచూసుకోండి. నేను ఇప్పుడు మాస్టారి అరుగు మీదే కూర్చుంటున్నా, ఫీజు కాఫీ మాత్రమే.

ఆ రాత్రి గ్రూపులో ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఆ ఎర్ర సున్నాల స్క్రీన్‌షాట్ మీ ఫోన్‌లో ఉంటే దయచేసి నాకు పంపండి. నన్ను తీసేశాక నా దగ్గర లేకుండా పోయింది, ఫిర్యాదుకి జత చేయాలి. ఆయన ఇంకా డిలీట్ చేయకముందే చూడండి.