లేడీ గెటప్‌కు కిరాయి సామాను: నల్గొండ దుకాణం టీవీ కెమెరా ముందు నిలుస్తుందా?

నల్గొండ క్లాక్ టవర్ నుంచి నడిచిపోయే దూరంలో నాటకాల డ్రెస్సులు కిరాయికిచ్చే దుకాణం ఒకటుంది. కింద బట్టలు, పైన మేకప్ గది. దసరా రోజుల్లో, బడుల వార్షికోత్సవాల సీజన్‌లో కాలు పెట్టే సందుండదు. చుట్టుపక్కల ఊళ్లలో యక్షగానం ఆడేవాళ్లు కిరీటాలూ భుజకీర్తులూ ఇక్కణ్నుంచే తీసుకుపోతారు. ఆడవేషం సామాను వేరే బీరువాలో ఉంటుంది. టీవీ కామెడీ షోలకు, డాన్స్ షోలకు లేడీ గెటప్‌తో ఆడిషన్‌కు పోయే పిల్లలు అడిగేది ఆ బీరువానే. దానిలో ఏది తీసుకోవచ్చు, ఏది తీసుకుంటే దెబ్బతింటారు అన్నది ఇక్కడ వివరంగా రాస్తున్నాం.

ముందే తేల్చి చెప్పాలంటే, చీరలూ నగలూ ఈ దుకాణంలో ధైర్యంగా తీసుకోవచ్చు. విగ్గు, జాకెట్టు, లోపలి మెత్తలు మాత్రం సొంతవి ఉండాల్సిందే.

విగ్గులు ఇక్కడ రోజుకు 300 రూపాయలు, అడ్వాన్సు 1,000. అన్నీ సింథటిక్ దారంతో చేసినవే. స్టేజీ కింద కూర్చుని చూసేవాళ్లకు ఏ లోటూ కనపడదు. కెమెరా దగ్గరికి వచ్చిందంటే మాత్రం రెండు చోట్ల దొరికిపోతారు. మొదటిది నుదుటి అంచు. ఈ విగ్గులకు ముందు గట్టి గుడ్డ పట్టీ ఉంటుంది. దాని మీద వెంట్రుకలన్నీ ఒకే గీత మీద నాటినట్టు, గుడిసె చూరులాగా కిందికి దిగుతాయి. మనిషి తలకట్టు అలా ఉండదు. నుదురు మొదలయ్యే చోట సన్న వెంట్రుకలు పలచగా, ఎగుడుదిగుడుగా ఉంటాయి. అందుకే టీవీకి లేస్ ఫ్రంట్ విగ్గు కావాలి. దానికి ముందు భాగంలో దోమతెర లాంటి సన్న జాలీ ఉంటుంది, వెంట్రుకలు ఒక్కొక్కటిగా ఆ జాలీకే ముడేసి ఉంటాయి. జాలీని స్పిరిట్ గమ్‌తో, అంటే చర్మానికి విగ్గు అంటించే మేకప్ జిగురుతో, నుదుటికి అంటించి పైన మేకప్ వేస్తే అంచు చర్మంలో కలిసిపోతుంది. ఆ రకం ఈ దుకాణంలో ఒక్కటి కూడా లేదు. ఇది పెద్ద లోటు.

రెండోది మెరుపు. ప్లాస్టిక్ దారం లైట్ల కింద నూనె రాసినట్టు తళతళలాడుతుంది. కొంచెం టాల్కం పౌడర్‌ను పెద్ద బ్రష్‌తో అద్ది, తల కిందికి వంచి బాగా దులిపితే మెరుపు చాలావరకు చస్తుంది. పౌడర్ ఎక్కువైతే నెరిసిన జుట్టులా కనపడుతుంది కాబట్టి చిటికెడుతోనే మొదలుపెట్టాలి. కిరాయి విగ్గు మీద హెయిర్ స్ట్రెయిట్‌నర్ పెట్టొద్దు. మామూలు దారం వేడికి కరిగి ముద్దకడుతుంది, అడ్వాన్సు మొత్తం పోతుంది.

కొలత సంగతి దుకాణం వాళ్లు చెప్పరు, తీసుకునేవాళ్లు అడగరు. బజారులో దొరికే ఆడవాళ్ల విగ్గులు సుమారు 22 అంగుళాల తలకు చేసినవి. మగవాళ్ల తల 23 అంగుళాలు, అంతకు మించి కూడా ఉంటుంది. ఆ ఒక్క అంగుళం తేడాకే విగ్గు మెడ దగ్గర్నుంచి పైకి జారడం మొదలుపెడుతుంది. దుకాణంలోనే పెట్టుకుని, మూడుసార్లు తల గట్టిగా ఊపి, కింద పడ్డది ఏరినట్టు వంగి లేచి చూడాలి. వేలెడు జరిగినా ఆ విగ్గు వద్దు. నడుము కిందిదాకా జడ వేస్తే కష్టం ఇంకా పెరుగుతుంది. సవరం, జడబిళ్లలు, కుచ్చులు అన్నీ కలిసి విగ్గును వెనక్కి గుంజుతాయి. విగ్గు లోపల ఒక చెవి నుంచి ఇంకో చెవిదాకా, మెడ మీదుగా వెడల్పాటి ఎలాస్టిక్ కుట్టించి, సవరాన్ని ఆ ఎలాస్టిక్‌కే పిన్ను చేస్తే బరువు వెంట్రుకల మీద పడదు. కూచిపూడి భామాకలాపంలో సత్యభామకు జడే ప్రాణం. మగవారైన వేదాంతం సత్యనారాయణ శర్మ గారు ఆ ఆడ పాత్రతోనే దేశమంతా పేరు తెచ్చుకున్నారు, 1970లో పద్మశ్రీ అందుకున్నారు. జడ నిలవకపోతే వేషమే నిలవదని ఆ సంప్రదాయంలో చిన్న పిల్లవాడికైనా తెలుసు.

మేకప్ విషయంలో దుకాణానికి మంచి మార్కులు వేయాలి. పాత యక్షగానం వాళ్లు ముఖానికి అర్దళం, ముర్దాసింగి, ఎరుపుకు ఇంగిలీకం వాడేవాళ్లు. రంగు అద్భుతంగా వచ్చేది. కానీ అర్దళంలో ఉన్నది ఆర్సెనిక్, ముర్దాసింగిలో సీసం, ఇంగిలీకంలో పాదరసం. ఇక్కడి మేకప్ ఆయన ఆ మూడింటినీ గదిలోకి రానివ్వడు. క్రయోలాన్ కంపెనీ టీవీ పెయింట్ స్టిక్, తడి స్పాంజితో రాసే పాన్‌కేక్ మేకప్, లూజ్ పౌడర్, ఇవే వాడతాడు. బుక్ చేసుకున్నవాళ్లకు ముందురోజే ఫోన్ చేసి, "తమ్మీ, గడ్డం ఇంట్లనే గీక్కొని రా, ఈడికొచ్చి గీకితే రంగు పడంగనే మంట లేస్తది" అని చెప్తాడు. నూటికి నూరుపాళ్లు సరైన మాట. గీసుకున్నాక కనీసం మూడు గంటలు చర్మానికి మంట తగ్గనివ్వాలి.

గడ్డం దాచడంలో ఆయన చేయి తిరిగినవాడే. గీసిన గడ్డం చర్మం కింద నీలంగా, ఆకుపచ్చగా కనపడుతుంది. దాని మీద నేరుగా ఒంటి రంగు ఎంత మందంగా వేసినా బూడిద రంగు తేలుతుంది. ఆ నీలాన్ని చంపడానికి ముందు నారింజ రంగు పలచగా, రుద్దకుండా అద్దాలి. పౌడర్‌తో నొక్కాలి. ఆ తర్వాతే ఒంటి రంగు, మళ్లీ పౌడర్. నారింజ మందమైతే రెండు గంటల్లో చెమటతో పైకి తేలి పెదవుల చుట్టూ ఎర్రగా కనపడుతుంది.

కనుబొమల పని మాత్రం ఆయన చేయడు. ఉన్న బొమల మీదే నల్లగా దిద్దేస్తాడు. మగవాళ్ల బొమలు కిందికి, దట్టంగా ఉంటాయి కాబట్టి కంటి మీద రంగు వేయడానికి చోటు మిగలదు. బడి పిల్లలు వాడే, నీళ్లతో కడిగితే పోయే గ్లూ స్టిక్‌తో బొమ వెంట్రుకలను పైకి దువ్వి అంటించాలి. ఒక పూత ఆరనిచ్చి రెండోది, అలా మూడు పూతలు. పైన పౌడర్, నారింజ, ఒంటి రంగు. అప్పుడు అరంగుళం పైన కొత్త బొమ గీసుకోవచ్చు. తొందరపడి తడి మీద పౌడర్ వేస్తే గడ్డలు కడుతుంది, మొత్తం కడిగి మొదటికి రావాలి. ఇంట్లో నాలుగైదుసార్లు చేస్తే చేయి కుదిరే పనే ఇది. స్పిరిట్ గమ్ వాడే ముందు రోజు చెవి వెనక చుక్క పెట్టి చూసుకోవాలి. దద్దురు లేస్తే వాడొద్దు. తీసేటప్పుడు రిమూవర్‌తో నాననివ్వాలి, పీకితే చర్మం ఊడుతుంది.

జాకెట్టు దగ్గరికొస్తే దుకాణం పూర్తిగా చేతులెత్తేసింది. ఉన్నవన్నీ ఆడవాళ్ల కొలతలే. ఛాతీ సరిపోయినా భుజం, చంక సరిపోవు. చెయ్యెత్తగానే చంక కింద కుట్టు ఊడుతుంది, డాన్స్ షోకు పోయేవాళ్లకు ఇదే మొదటి ప్రమాదం. సొంతంగా రెండు జాకెట్లు, ఒకటి ఎరుపు, ఒకటి నలుపు, చంకలో ముక్క వేయించి, లోపల రెండంగుళాల గుడ్డ వదిలి కుట్టించుకుంటే దాదాపు ప్రతి చీరకూ పనికొస్తాయి.

మెత్తల పేరుతో దుకాణం ఇచ్చేది దూది కూరిన గుడ్డ సంచులు. చెమటకు తడిసి కిందికి దిగుతాయి. సోఫాలకు వాడే స్పాంజి తెచ్చుకోవడం మేలు. రెండంగుళాల మందంది చాలు. తొడ పక్కకు ఆకు ఆకారంలో కోసి, అంచులు కాగితమంత పలచనయ్యేదాకా కత్తెరతో చెక్కాలి. అంచు మందంగా వదిలితే చీర మీద గీత పడుతుంది. వాటి మీద బిగుతు లెగ్గింగ్ ఒకటి, దాని మీద ఇంకొకటి వేస్తే కదలవు. ఈ స్పాంజి ఇంకో మేలు కూడా చేస్తుంది: లంగా బొందు ఆనుకోవడానికి నడుము ఏర్పడుతుంది, కుచ్చిళ్లు జారవు.

చీరల బీరువా చూడముచ్చటగా ఉంది. గద్వాల, పోచంపల్లి, నారాయణపేట మూడూ ఉన్నాయి, ఇస్త్రీ చేసి కవర్లలో పెట్టి ఇస్తారు. టీవీకి మా ఓటు గద్వాలకే. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. నూలు ఒంటిని పట్టుకుని ఉంటుంది, అంచు బరువుకు కుచ్చిళ్లు నిలువుగా కిందికి దిగుతాయి. పోచంపల్లి పట్టు లైట్ల కింద అందంగా ఉంటుంది కానీ జారుతుంది, పిన్నులు రెట్టింపు కావాలి. నారాయణపేట సన్న గళ్ల చీర అత్త పాత్రకో, ఇల్లాలి పాత్రకో బాగా సరిపోతుంది. కానీ మరీ సన్న గళ్లు కెమెరాలో అలలు కొట్టినట్టు కదులుతాయి కాబట్టి పెద్ద గళ్లవి ఎంచుకోవాలి. పొడుగు మనుషులు చీర పొడవు కాదు, పన్నా, అంటే వెడల్పు, చూసుకోవాలి. చాలా చీరల పన్నా 45, 46 అంగుళాల దగ్గర ఆగుతుంది. ఐదడుగుల పది అంగుళాల మనిషి మూడంగుళాల మడమ చెప్పులు వేస్తే చీలమండ బయటపడుతుంది. లంగా బొడ్డు కిందికి కట్టడం ఒక్కటే దారి.

నగలు బాగున్నాయి. గాజులు మాత్రం 2.4 నుంచి 2.8 దాకానే ఉన్నాయి. మగ చేతికి 2.10 లేదా 2.12 కావాలి, లేకుంటే మర తిప్పి తెరిచే కడియాలు అడగాలి. చెవులు కుట్టించుకోనివాళ్లకు క్లిప్పు జూకాలు రెండు జతలే ఉన్నాయి.

హారం ఎంచుకునేటప్పుడు మైకును గుర్తుపెట్టుకోవాలి. టీవీ షోలో మైకు కొంగు పిన్ను దగ్గర తగిలిస్తారు, దాని పెట్టె నడుము వెనక ఉంటుంది. ఇక్కడి కాసుల పేరు తొడిగి నాలుగడుగులు వేస్తే ప్రతి కాసూ పక్క కాసును కొడుతుంది. చెవికి ఇంపుగానే ఉంటుంది, మైకుకు మాత్రం ప్రతి మాట మీదా గలగల. సౌండు వాళ్లు తీసేయమంటారు, తీసేస్తే మెడ బోసిపోతుంది, ఆడిషన్‌లో మనసు చెదురుతుంది. కదలని కంటె గానీ, మెడకు అతుక్కుని ఉండే అడ్డిగ గానీ తీసుకోవాలి. పొడుగు హారమే కావాలంటే లోపలి వైపు రెండు చోట్ల దారంతో జాకెట్టుకు టాకా వేయాలి. వడ్డాణం మైకు పెట్టె మీదికి వస్తే పెట్టె జారుతుంది. సొంత జాకెట్టుకు వీపు కింద చిన్న జేబు కుట్టిస్తే ఆ బాధ ఉండదు.

ఇన్ని సొంత వస్తువులు ఎందుకంటారేమో. పోటీ షో అంటే ఒక్క వేషంతో అయిపోదు. అమెరికాలో 2009లో మొదలైన రూపాల్స్ డ్రాగ్ రేస్ అనే ఆడవేషాల పోటీ టీవీ షోలో పోటీదారులు వేదిక మీద వేసే దుస్తులు చాలావరకు తామే సిద్ధం చేసుకుని వెళ్తారు. అక్కడికక్కడ కుట్టే పరీక్షలూ ఉంటాయి. సూది పట్టడం రానివాళ్లు ఎంత బాగా ఆడినా అక్కడ తడబడతారు. మన దేశంలో సుశాంత్ దివ్గీకర్ గారు 2018లో జీ టీవీ సరిగమపలో రాణి కోహినూర్ వేషంలో పాడారు, 2021లో ఆడవేషం కళాకారుల పాటల పోటీ క్వీన్ ఆఫ్ ది యూనివర్స్‌కు వెళ్లారు. తెలుగులో జబర్దస్త్ లేడీ గెటప్‌లతో పరిచయమైన ప్రియాంక సింగ్ గారు ట్రాన్స్ మహిళగా 2021 బిగ్ బాస్ ఐదో సీజన్‌లో నిలబడ్డారు. ఈ దారిలో ఎవరి దారి వాళ్లదే. వేషం కట్టే మగ కళాకారుడు వేరు, ట్రాన్స్ మహిళ వేరు. దుకాణంలో ఇద్దరినీ ఒకే మర్యాదతో "రండి, కూర్చోండి" అనడం, బట్టలు మార్చుకోవడానికి గడియ ఉన్న గది ఇవ్వడం మనసుకు నచ్చింది. జిల్లా కేంద్రంలో ఇది చిన్న విషయం కాదు.

అసలు ఇబ్బంది టైముతో. సామాను 24 గంటల్లో తిరిగివ్వాలి, దాటితే ఇంకో రోజు కిరాయి. హైదరాబాద్‌లో షూటింగు పొద్దున మొదలై అర్ధరాత్రి దాకా సాగడం మామూలే. ఆ తర్వాత నల్గొండకు నూరు కిలోమీటర్లు. రెండు రోజుల కిరాయి మాట్లాడుకుని, ఆ మాట రసీదు మీదే రాయించుకోవాలి. చీర మీద మేకప్ మరక పడితే అడ్వాన్సులో కోస్తారు, అందులో వాళ్ల తప్పేం లేదు. మేకప్ అయ్యేదాకా ముందు గుండీలున్న చొక్కాలోనే ఉండాలి. టీషర్టు అయితే తల మీదుగా తీసేటప్పుడు ముఖం మొత్తం దానికే అంటుతుంది. వరుస ఇది: ముఖం, మెత్తలు, లంగా, జాకెట్టు, మైకు పెట్టె, చీర, విగ్గు, చివరికి నగలు. తీసుకునే రోజే చీర అంచు, కొంగు, నగల కొక్కాలు ఫోన్‌లో ఫొటో తీసి దుకాణం వాళ్లకు చూపించాలి. బుధవారం పొద్దున పోతే రద్దీ ఉండదు, అద్దం ముందు గంటసేపు నిలబడి అన్నీ తొడిగి చూసుకోనిస్తారు.