గడువు దాటి చేజారిన పేరు కోసం వైపోకి వెళ్లవచ్చా? వాడి చూశాక నా రివ్యూ

చిన్న చిన్న వెబ్‌సైట్లు చూసుకోవడం నా పని. డొమైన్ పేరు (సైట్ అడ్రసు) గడువు దాటి వేరేవాళ్ల చేతికి వెళ్లాక నా దగ్గరికి వచ్చేవాళ్లు అందరూ అడిగేది ఒకటే: "ఇన్నేళ్లు నేను వాడుకున్న పేరు కదండీ, కంప్లైంట్ ఇస్తే వెనక్కి రాదా?" ఇవ్వడానికి చోటు ఉంది. డొమైన్ పేర్ల వ్యవస్థను చూసుకునే ఐకాన్ సంస్థ 1999లో తెచ్చిన యూడీఆర్‌పీ విధానం కింద ఇలాంటి గొడవలు తేల్చే సంస్థల్లో జెనీవాలోని వైపో (ప్రపంచ మేధో సంపత్తి సంస్థ) ఒకటి. ఒక సంగీతం టీచర్ గారి తరఫున ఆ సర్వీస్ వాడాను. ఐదుకు నాలుగు మార్కులు ఇస్తాను. అయినా అందరినీ అక్కడికి వెళ్లమని మాత్రం చెప్పను.

ఆవిడ సంగీత పాఠశాలకి సైట్ కట్టిచ్చిన డిజైనర్, పేరును తన ఈమెయిల్ మీదే రిజిస్టర్ చేశాడు. డాట్‌కామ్ పేర్లకైతే గడువుకు సుమారు నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి, దాటాక ఐదు రోజుల్లోపు మరోసారి రిజిస్ట్రార్ (పేర్లు రిజిస్టర్ చేసి ఇచ్చే కంపెనీ) గుర్తు చేయాలని రూలు ఉంది. ఆ మెయిళ్లన్నీ డిజైనర్ ఎప్పుడో వాడటం మానేసిన అడ్రసుకి వెళ్లాయి. ఇక్కడే చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. పేరు డిలీట్ అయితే పాత యజమానికి ఇంకో 30 రోజుల రిడెంప్షన్ గడువు (ఫీజు కట్టి పేరు వెనక్కి తెచ్చుకునే వీలు), ఆ తర్వాత పేరు పూర్తిగా తొలగేముందు ఐదు రోజుల పెండింగ్ డిలీట్ ఉంటాయి. కానీ ఈ రిజిస్ట్రార్ డిలీట్ చేయకుండానే పేరును వేలంలో అమ్మేసింది. అలా పోయిన పేరుకు ఆ 30 రోజులూ దక్కవు. ఇది నాకు అస్సలు నచ్చని పద్ధతి.

కొన్నవాడు ఆవిడ పాత పేజీలనే ఫొటోతో సహా తిరిగి పెట్టి, మధ్యలో జూదం సైట్ల లింకులు ఇరికించాడు. పిల్లల తల్లిదండ్రులు ఫోన్ చేసి అడుగుతుంటే ఆవిడ పడిన టెన్షన్ చూసి నాకూ నిద్ర పట్టలేదు.

యూడీఆర్‌పీలో మూడు విషయాలు రుజువు చేయాలి. పేరు మన ట్రేడ్‌మార్క్‌లాగే ఉందని, అవతలివాడికి దానిమీద న్యాయమైన హక్కు లేదని, దురుద్దేశంతో రిజిస్టర్ చేసి అలాగే వాడుతున్నాడని. మూడూ నిలబడాలి, రెండు చాలవు. ఆవిడకు రిజిస్టరైన ట్రేడ్‌మార్క్ లేదు. అయినా ఏళ్ల తరబడి ఆ పేరుతోనే పాఠశాల నడిచిందని చూపగలిగితే వింటారు. కచేరీల కరపత్రాలు, ఫీజు రసీదులు, పత్రికల్లో వచ్చిన వార్తలు, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్న పాత పేజీలు అన్నీ జతచేశాం.

అసలు చిక్కు తేదీ దగ్గర వచ్చింది. వేలంలో కొన్న పేరుకు పాత రిజిస్ట్రేషన్ తేదీయే కొనసాగుతుంది. రికార్డు చూస్తే కొత్తవాడే మొదటినుంచీ యజమాని అన్నట్టు కనిపిస్తుంది. కేసు తేల్చే ప్యానెల్ లెక్కలోకి తీసుకునేది అతని చేతికి వచ్చిన తేదీని. దాన్ని రుజువు చేసే పని మనదే. వేలం పేజీ స్క్రీన్‌షాట్, నేమ్‌సర్వర్లు (పేరును సైట్‌కు కలిపే సర్వర్లు) మారిన రోజు, ఇవి లేకపోతే కేసు అక్కడే కుంటుపడేది.

సర్వీస్‌లో నాకు బాగా నచ్చింది, కేసు పడగానే పేరుకు తాళం పడటం. రిజిస్ట్రార్ రెండు పనిదినాల్లో దాన్ని లాక్ చేయాలి, ఇంకొకరికి అమ్మడం కుదరదు. అంతా ఈమెయిల్ మీదే నడిచింది, ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు. జవాబివ్వడానికి అవతలివాడికి 20 రోజులు ఇచ్చారు. అతను నోరు విప్పలేదు. అంతమాత్రాన మనం గెలిచినట్టు కాదు, ప్యానెలిస్ట్ రుజువులన్నీ చదివి కారణాలతో సహా తీర్పు రాశారు. పేరు ఆవిడకు బదిలీ చేయమన్నారు. అవతలివాడు కోర్టుకు వెళ్లదలిస్తే 10 పనిదినాల వ్యవధి ఉంటుంది, అది గడిచాక పేరు వచ్చింది.

ఒక మార్కు తగ్గించింది ఖర్చుకి. ఒక ప్యానెలిస్ట్ చాలనుకుంటే ఫీజు 1,500 డాలర్లు, ముగ్గురు కావాలంటే 4,000. పాఠశాల నడుపుకునే మనిషికి అది చాలా పెద్ద డబ్బు. గెలిచినా నష్టపరిహారం, ఖర్చులు ఏవీ రావు. పేరు బదిలీ లేదా రద్దు, అంతే.

ఇంకొకాయన పేరు రెండు మామూలు ఇంగ్లిష్ మాటల కలయిక. కొన్నవాళ్లు ఆ మాటల అర్థానికి తగ్గ వ్యాపారమే పెట్టుకున్నారు. కేసు వేయవద్దని గట్టిగా చెప్పాను. ముందు నేను వాడాను అన్నది ఒక్కటే అక్కడ నిలవదు. పైగా బలం లేదని తెలిసీ వేస్తే, పేరు లాక్కోవడానికే ఈ విధానాన్ని వాడుకున్నారని ప్యానెల్ తీర్పులోనే రాయవచ్చు. ఆ తీర్పులు పేర్లతో సహా అందరికీ కనిపిస్తాయి. ఆయన కొత్త పేరు తీసుకున్నారు.

కాబట్టి పేరు ఆగిపోయిందని తెలిసిన గంటలోనే పేరు రిజిస్ట్రేషన్ వివరాలు చూపే ఐకాన్ లుకప్‌లో స్టేటస్ చూడండి, అది ఉచితం. రిడెంప్షన్ పీరియడ్ అని కనబడితే రిజిస్ట్రార్ అడిగే రిస్టోర్ ఫీజు ఎంత మండిపడేలా ఉన్నా కట్టేయండి, కేసు ఖర్చుతో పోలిస్తే అదే నయం. పెద్ద సంస్థలకీ ఇది తప్పలేదు. 1999 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ వాళ్ల పాస్‌పోర్ట్ డాట్‌కామ్ ఫీజు కట్టకపోవడంతో హాట్‌మెయిల్ లాగిన్లకు ఇబ్బంది వచ్చింది. మైఖేల్ చేనీ అనే ప్రోగ్రామర్ తన డబ్బు 35 డాలర్లు కట్టి దాన్ని నిలబెట్టాడు. ఆ దశలో ఫీజు కడితే చాలు, యజమాని మారడు.

వైపో చేతిలో లేని పని ఒకటుంది. పేరు ఎవరి దగ్గర ఉంటే ఆ పేరు మీద వచ్చే మెయిళ్లూ వాళ్లకే చేరే వీలుంటుంది, పాస్‌వర్డ్ రీసెట్ లింకులతో సహా. అందుకే కేసు తేలేదాకా ఆగకుండా, ఆ ఈమెయిల్‌తో తెరిచిన బ్యాంకు, సోషల్ మీడియా, క్లౌడ్ ఖాతాలన్నింటికీ ముందే వేరే మెయిల్ పెట్టించాను. పేరు వెనక్కి వచ్చాక అన్ని పాస్‌వర్డ్‌లూ ఇంకోసారి మార్పించి, రిజిస్ట్రార్ ఖాతాను ఆవిడ సొంత పేరు మీదకు, ఆవిడ రోజూ చూసే మెయిల్ మీదకు తెచ్చి, పదేళ్లకు రెన్యువల్ కట్టించాను. ఒకేసారి అంతకంటే ఎక్కువ కట్టనివ్వరు.