బెజవాడ ఎండలో పల్చటి ల్యాప్‌టాప్: ఫ్యాన్ లేనిదా, ఉన్నదా, స్నాప్‌డ్రాగనా? ఏది మేలు?

బందరు రోడ్డు షోరూములో కిలోంపావు ల్యాప్‌టాప్‌ని ఒంటిచేత్తో ఎత్తగానే సగం బేరం అయిపోయినట్టే. కానీ రోజూ పొద్దున్నే గుంటూరులో రైలెక్కి, మంగళగిరి మీదుగా బెజవాడ వచ్చి, సాయంత్రం తిరిగి వెళ్ళేవాళ్ళ భుజం మీద పడేది ల్యాప్‌టాప్ బరువొక్కటే కాదు. ఛార్జర్, దాని తీగ, హబ్ (అదనపు పోర్టులిచ్చే చిన్న డబ్బా), మౌస్, నీళ్ళ సీసా అన్నీ కలిపి తూచుకోవాలి. పాత తరహా ఇటుక ఛార్జరుంటే తీగతో కలిపి 300 గ్రాముల దాకా తూగుతుంది. 65 వాట్ల గ్యాన్ (గాలియం నైట్రైడ్‌తో చేసిన చిన్న రకం) ఛార్జరైతే అందులో సగం కూడా ఉండదు. అంటే 1.2 కిలోల మోడల్‌కీ 1.35 కిలోల మోడల్‌కీ ఉన్న తేడాని ఒక్క ఛార్జర్ మార్చి పూడ్చేయవచ్చు. అందుకే వంద గ్రాముల కోసం ఇరవై వేలు ఎక్కువ పెట్టొద్దు.

పల్చటి వాటిని మూడు రకాలుగా చూడొచ్చు. ఒకటి, ఫ్యాన్ లేని మ్యాక్‌బుక్ ఎయిర్: యాపిల్ సొంత ప్రాసెసర్ ఎం4 ఉన్న 13 అంగుళాల మోడల్ 1.24 కిలోలు, 2025 మార్చిలో వచ్చినప్పుడు మన దేశంలో ధర 99,900 రూపాయల నుంచి మొదలైంది. రెండు, ఇంటెల్ లేదా ఏఎమ్‌డీ ప్రాసెసర్‌తో, ఫ్యాన్‌తో వచ్చే విండోస్ మోడళ్ళు: ఆసుస్ జెన్‌బుక్ 14 ఓలెడ్ కిలోంపావు అటూ ఇటూ, ఎల్‌జీ గ్రామ్ 14 లో కొన్ని మోడళ్ళయితే 999 గ్రాములే. మూడు, స్నాప్‌డ్రాగన్ ఎక్స్ ప్రాసెసర్ మీద నడిచే విండోస్ మోడళ్ళు: ఆసుస్ జెన్‌బుక్ ఏ14 కిలో లోపే.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. లెక్కలు, జీఎస్టీ, డిజిటల్ సంతకం, డీటీపీ పని ఉన్నవాళ్ళకి రెండో రకమే. చదువు, రాత, కోడింగ్ ప్రధానమైనవాళ్ళకి ఎయిర్. స్నాప్‌డ్రాగన్ మంచి యంత్రమే గానీ, మీరు వాడే ప్రతి సాఫ్ట్‌వేరూ పరికరమూ దాని మీద పనిచేస్తుందని తేలాకే డబ్బు కట్టాలి. ఇక ఎందుకో చూద్దాం.

మన దగ్గర అన్నిటికంటే ముందు చూడాల్సింది వేడి. మ్యాక్‌బుక్ వాడకానికి యాపిల్ చెప్పే గది ఉష్ణోగ్రత 10 నుంచి 35 డిగ్రీలు. ఆసుస్ మాన్యువళ్ళు కూడా పై హద్దు 35 అనే చెబుతాయి. ఏప్రిల్, మే నెలల్లో బెజవాడలో ఏసీ లేని గదిలో మధ్యాహ్నం ఆ హద్దు దాటేసే ఉంటుంది, రోహిణి కార్తెలో చెప్పనే అక్కర్లేదు. అంటే ఏ కంపెనీది కొన్నా వేసవి మధ్యాహ్నాల్లో అది లెక్కకు మించిన వేడిలోనే పనిచేస్తుంది. ఆ వేడిని ఒక్కో రకం ఒక్కోలా తట్టుకుంటుంది.

ఫ్యాన్ లేని ఎయిర్ తన వేడిని అల్యూమినియం ఒంటికే పంచుతుంది. గది చల్లగా ఉంటే అడుగు గోరువెచ్చగా ఉంటుంది. గది 38 డిగ్రీలుంటే ఒంటికీ గాలికీ తేడా తగ్గిపోయి వేడి త్వరగా బయటికి పోదు. అప్పుడు ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఎక్సెల్, పది పదిహేను బ్రౌజర్ ట్యాబులు, వీడియో కాల్ వరకు ఈ తగ్గుదల తెలియదు. పెళ్ళి వీడియో 4కె లో ఎక్స్‌పోర్ట్ పెడితే మాత్రం మొదటి కొన్ని నిమిషాలు పరుగెత్తి ఆ తర్వాత నెమ్మదిస్తుంది. రోజూ అదే పనైతే ఎయిర్ కాదు, ఫ్యాన్ ఉన్నదే కావాలి.

ఫ్యాన్ ఉన్న విండోస్ మోడల్ ఆ ఎక్స్‌పోర్ట్‌ని మొదలైన వేగానికి దగ్గరగానే చివరిదాకా లాగుతుంది. దానికి బదులుగా రెండు ఇబ్బందులు. చప్పుడు ఒకటి: నిశ్శబ్దంగా ఉన్న క్లాసులో, రాత్రి పిల్లలు పడుకున్న గదిలో బాగా తెలుస్తుంది. రెండోది దుమ్ము. గాలి పీల్చే సందులు అడుగు పలక మీద ఉంటాయి. పరుపు మీద, దిండు మీద పెడితే అవి మూసుకుపోయి, వేడెక్కి, ఫ్యాన్ గోల పెడుతుంది. కింద అట్టో చెక్కో ఉండాలి. గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల కమీషన్ కొట్లలో, కోల్డ్ స్టోరేజీ ఆఫీసుల్లో వాడేవాళ్ళు ఇంకా జాగ్రత్త పడాలి. ఆ సన్నటి మిర్చి దుమ్మంతా ఫ్యాన్ రెక్కల్లోకీ, వేడిని మోసే రాగి గొట్టం చివరనుండే సన్నటి పలకల మధ్యకీ చేరుతుంది. ఏడాదికోసారైనా అడుగు పలక విప్పించి, ఫ్యాన్ తిరక్కుండా పట్టుకుని బ్లోయర్‌తో ఊదించాలి. పట్టుకోకుండా ఊదితే ఫ్యాన్ అతివేగంగా తిరిగి బేరింగ్ పాడవుతుంది. అలాంటి చోట ఫ్యాన్ లేకపోవడం ఎయిర్‌కి నిజమైన లాభం.

వేడితో పోయేది ముందుగా బ్యాటరీ. ఎండలో నిలబెట్టిన కారు సీటు మీద ల్యాప్‌టాప్ వదిలేయకూడదు. వేసవి మధ్యాహ్నం ఛార్జింగ్ పెట్టి బరువు పని చేయకుండా, ఛార్జింగ్ పొద్దునకో రాత్రికో మార్చుకోవాలి. ఎప్పుడూ బల్ల మీద ప్లగ్గులోనే ఉండేదైతే 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపే ఏర్పాటు పెట్టుకోండి. ఆసుస్‌లో మైఆసుస్, లెనోవోలో వాంటేజ్ అనే యాప్‌లో ఇది దొరుకుతుంది. ఇంకోటి: ఏసీ గదిలో చల్లబడ్డ ల్యాప్‌టాప్‌ని ఉక్కపోతలోకి తెచ్చి వెంటనే తెరవొద్దు. కూల్‌డ్రింక్ సీసా మీద పట్టినట్టే దాని మీదా చెమ్మ పడుతుంది. బ్యాగులోనే ఓ అరగంట ఉంచి తీయండి.

కొత్తగా కొన్నవాళ్ళని మొదటి రోజే కంగారు పెట్టే సంగతి ఇంకొకటుంది. ఛార్జింగ్‌లో ఉండగా లోహపు అంచు మీద మణికట్టు ఆనిస్తే చిమచిమలాడుతుంది. వేలితో మెల్లగా రాస్తే గరుకుగా, వణుకుతున్నట్టు అనిపిస్తుంది. గచ్చు మీద చెప్పుల్లేకుండా ఉంటే మరీనూ. యంత్రం చెడిపోయిందని షాపుకి పరుగెత్తుతారు. రెండు పిన్నుల ఛార్జరుకి ఎర్తింగ్ ఉండదు, లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల గుండా వచ్చే అతి కొద్ది కరెంటు లోహపు ఒంటికి చేరుతుంది, అంతే. మంచి ఛార్జరైతే ప్రమాదం లేదు. మూడు పిన్నుల తీగ పెట్టి, నిజంగా ఎర్తింగ్ ఉన్న ప్లగ్గులో గుచ్చితే పోతుంది. పాత ఇళ్ళలో మూడో రంధ్రం పేరుకే ఉంటుంది, ఎలక్ట్రీషియన్ చేత చూపించుకోండి. ఒంటి తీరుని బట్టి చూస్తే అల్యూమినియం వాటిలో ఇది ఎక్కువగా తెలుస్తుంది. మెగ్నీషియం మిశ్రమానికి రంగు పూత వేసే గ్రామ్ లాంటివాటిలో తక్కువ. అయితే ఆ గ్రామ్ ఒళ్ళు నొక్కితే కాస్త లోపలికి వంగుతుంది. బలహీనమని కాదు, తేలిక కోసం పెట్టిన పలుచదనం.

తెర సంగతికొస్తే, తెలుగు చదివేవాళ్ళు నిట్లు (వెలుతురు కొలత), హెర్ట్జ్‌ల (సెకనుకి తెర ఎన్నిసార్లు మారుతుందో ఆ లెక్క) కంటే ముందు చుక్కల చిక్కదనం చూడాలి. 15.6 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెరలో అంగుళానికి 141 చుక్కలు. 14 అంగుళాల 1920×1200 తెరలో 162. ఎయిర్‌లో 224. 14 అంగుళాల 2880×1800 ఓలెడ్‌లో 243. షాపులో ఏదైనా తెలుగు పేజీ తెరిచి, అక్షరాలు చిన్నవి చేసి "లక్ష్మి", "ఆర్ద్రత", "స్త్రీ" అన్న మాటల్లో కింది వత్తులు చూడండి. 141లో ద వత్తు, ర వత్తు ఒకదాన్నొకటి మింగేస్తాయి. 220 దాటిన తెరల్లో దేనికది విడిగా కనబడుతుంది. రోజంతా తెలుగు ప్రూఫులు దిద్దేవాళ్ళ కళ్ళకి ఇది చిన్న విషయం కాదు. ఓలెడ్ తెరలో ప్రతి చుక్కా తనంతట తానే వెలుగుతుంది, కాబట్టి నలుపు నిజంగా నలుపే. కానీ తెల్లటి డాక్యుమెంట్ తెరిచి పెడితే బ్యాటరీ ఎక్కువ తాగుతుంది, వెలుతురు బాగా తగ్గిస్తే వచ్చే మినుకుకి కొందరికి తలనొప్పి వస్తుంది, ఏళ్ళ తరబడి కదలని టాస్క్‌బార్ మచ్చగా మిగలవచ్చు. టాస్క్‌బార్ దానంతటది దాక్కునేలా పెట్టుకోవాలి.

బ్యాటరీకి కంపెనీ చెప్పే గంటల్ని నమ్మేకంటే ఒక చిన్న లెక్క వేసుకోండి. బ్యాటరీ వాట్ అవర్లని, పని చేసేటప్పుడు యంత్రం తాగే వాట్లతో భాగించాలి. జెన్‌బుక్ 14 లో 75 వాట్ అవర్లు, రాత పనికి 7 వాట్లు తాగితే పదిన్నర గంటలు. ఎం4 ఎయిర్‌లో 53.8 మాత్రమే, కానీ 5 వాట్లతో సరిపెడితే దానికీ అంతే. తేడా ఎక్కడంటే, మూసి బ్యాగులో పెట్టినప్పుడు. ఎయిర్, స్నాప్‌డ్రాగన్ రాత్రంతా మూసి ఉన్నా కొద్ది శాతమే పోతుంది. ఇంటెల్ విండోస్ యంత్రాలు కొన్ని బ్యాగులోనే మేలుకుని, అప్‌డేట్లు దించుకుంటూ కాగిపోతాయి. తీసేసరికి ఒళ్ళు పొయ్యి, బ్యాటరీ సగం. కొన్నరోజే కంట్రోల్ ప్యానెల్లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్ళి, మూత మూస్తే స్లీప్ బదులు హైబర్నేట్ (పనిని డిస్క్‌లో దాచి పూర్తిగా ఆగిపోవడం) అయ్యేలా మార్చండి. తెరిచినప్పుడు కొన్ని సెకన్లు ఆలస్యమవుతుంది, అంతే.

పవర్ బ్యాంక్ మీద ఆశ పెట్టుకునేవాళ్ళకి ఒక మాట. 20,000 ఎంఏహెచ్ అంటే 74 వాట్ అవర్లు, నష్టం పోను ల్యాప్‌టాప్‌కి చేరేది 60 అటూ ఇటూ. అదీ 45 వాట్లు, ఆపైన పవర్ డెలివరీ (యూఎస్‌బీ-సీ ద్వారా ఎక్కువ వాట్లు ఇచ్చే పద్ధతి) ఇచ్చేదైతేనే. ఫోన్ల కోసం చేసిన 18, 22 వాట్లవి ల్యాప్‌టాప్‌ని చాలాసార్లు గుర్తించవు. పైగా ఆ బరువు మోస్తే తేలికపాటి ల్యాప్‌టాప్ కొన్న ఫలితమే ఉండదు.

ఇప్పుడు ఆడిటర్లు, కమీషన్ వ్యాపారులు, మీ సేవ కేంద్రాలవాళ్ళు శ్రద్ధగా చూడాల్సిన భాగం. డిజిటల్ సంతకం టోకెన్లు ఎక్కువగా పాత వెడల్పు యూఎస్‌బీ కొనతో వస్తాయి. ఎయిర్‌లో ఉన్నవి రెండు యూఎస్‌బీ-సీ పోర్టులు, ఛార్జింగ్ పోర్టు, హెడ్‌ఫోన్ రంధ్రం. హబ్ లేకుండా టోకెన్ పెట్టలేరు, కాలేజీ ప్రొజెక్టర్‌కి హెచ్‌డీఎంఐ తీగా పెట్టలేరు. జెన్‌బుక్ 14 లాంటివాటిలో రెండూ ఉంటాయి. ల్యాన్ పోర్టు మూడు రకాల్లోనూ సాధారణంగా ఉండదు, విడిగా అడాప్టర్ కొనుక్కోవాలి. లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ విండోస్ కోసం చేసిందే, మ్యాక్‌లో నేరుగా పెట్టుకోలేరు.

బెజవాడ ముద్రణాలయాల చుట్టూ ఉన్న డీటీపీ షాపుల్లో నడిచేది అను ఫాంట్లతో, పేజ్‌మేకర్‌తో, విండోస్ మీదే. అందులో టైపు చేసిన ఫైలు యూనికోడ్ (ఏ యంత్రంలోనైనా ఒకేలా చదవగలిగే అక్షరాల పద్ధతి) కాదు. కాబట్టి ఆ షాపులతో ఫైళ్ళు ఇచ్చిపుచ్చుకునేవాళ్ళకి ఎయిర్ రోజూ అడ్డు తగులుతుంది. యూనికోడ్‌లో రాసేవాళ్ళకి ఆ చిక్కు లేదు, మ్యాక్‌లోనూ తెలుగు కీబోర్డు ఉంది. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి: విండోస్‌లో గౌతమి ఫాంట్‌తో చేసిన వర్డ్ ఫైలు మ్యాక్‌లో వేరే ఫాంట్‌తో తెరుచుకుంటే పేజీలు జరిగిపోతాయి. ముద్రణకి పంపేది పీడీఎఫ్ చేసి పంపండి.

స్నాప్‌డ్రాగన్ దగ్గర చిక్కు వేరు. పాత విండోస్ ప్రోగ్రాములు ప్రిజమ్ అనే అనువాద పొర మీద చాలావరకు నడుస్తాయి. డ్రైవర్లు, అంటే పరికరాలని నడిపే సాఫ్ట్‌వేర్లు, మాత్రం ఆర్మ్ (స్నాప్‌డ్రాగన్ ప్రాసెసర్ రకం) కోసమే చేసినవి కావాలి. డిజిటల్ సంతకం టోకెన్, వేలిముద్ర యంత్రం, పదేళ్ళ నాటి ప్రింటర్... వీటిలో ఏ ఒక్కదానికి ఆర్మ్ డ్రైవర్ లేకపోయినా ఆ పని ఆగిపోయినట్టే. వడ్డేశ్వరం, నీరుకొండ, వడ్లమూడి కాలేజీల్లో ఇంజనీరింగ్ చదివే పిల్లలు క్యాడ్ సాఫ్ట్‌వేర్లూ, ఆన్‌లైన్ పరీక్షల కాపలా సాఫ్ట్‌వేరూ దాని మీద నడుస్తాయో లేదో డిపార్ట్‌మెంట్‌లో అడిగి తెలుసుకున్నాకే కొనాలి. సివిల్, మెకానికల్ వాళ్ళకైతే రెండో రకం కొనమనే చెబుతాం.

ర్యామ్ విషయంలో వాయిదా వేయకండి. ఈ పల్చటివాటిలో అది బోర్డుకే అతికించి ఉంటుంది, తర్వాత పెంచుకోలేరు. 16 జీబీ తగ్గకూడదు. ఎస్‌ఎస్‌డీ మాత్రం చాలా విండోస్ మోడళ్ళలో విప్పి మార్చుకోవచ్చు, ఎయిర్‌లో కుదరదు. కాబట్టి 256 జీబీ ఎయిర్ కొంటే ఫొటోలకీ వీడియోలకీ బయటి డిస్క్ ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి.

ల్యాప్‌టాప్ ఇంటి బల్ల దిగేది వారానికోసారే అయితే ఈ మూడూ వద్దు. కిలో ఏడొందల గ్రాముల మామూలు 15 అంగుళాలది దాదాపు సగం ధరకే వస్తుంది, నంబర్ల కీలుంటాయి, చాలావాటిలో ర్యామ్ పెంచుకోవచ్చు.

బిల్లు కట్టే ముందు కౌంటర్ దగ్గరే పది నిమిషాలు అడిగి తీసుకోండి. తెర అంతా తెలుపు, తర్వాత అంతా నలుపు పెట్టి చెడిపోయిన చుక్కలున్నాయేమో చూడండి. మూత ఒంటిచేత్తో తెరుచుకుంటుందా, తెరిచాక బల్ల కదిలితే ఊగుతుందా చూడండి. ప్రతి యూఎస్‌బీ పోర్టులోనూ పెన్‌డ్రైవ్ పెట్టండి, మీ సంతకం టోకెన్ వెంట తీసుకెళితే మరీ మంచిది. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ బ్యాటరీ రిపోర్ట్ తీస్తే అసలు సామర్థ్యం, ఇప్పుడు నిండే సామర్థ్యం పక్కపక్కనే కనిపిస్తాయి. మ్యాక్‌లో సిస్టమ్ రిపోర్ట్‌లో పవర్ కింద బ్యాటరీ ఛార్జింగ్ సైకిళ్ళ సంఖ్య ఉంటుంది. కొత్తదానిలో అది పదుల్లో కనబడితే డిస్‌ప్లేకి పెట్టిన పీసు అంటగడుతున్నట్టే, సీలు తీయని పెట్టె తెప్పించమనండి.