పెన్సిల్వేనియా 2012: ఏ లెక్క మేలు?

2012 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో పెన్సిల్వేనియా ఓటర్లలో దాదాపు 52 శాతం డెమొక్రాట్ బరాక్ ఒబామాను, 46.6 శాతం రిపబ్లికన్ మిట్ రామ్నీని కోరుకున్నారు. అధ్యక్షుణ్ణి చివరికి తేల్చేవి రాష్ట్రాలవారీగా ఉండే ఎలక్టోరల్ ఓట్లు; అప్పట్లో రాష్ట్రానికున్న ఆ 20 ఓట్లూ గంపగుత్తగా ఒబామాకే వెళ్ళాయి. రామ్నీకి ఓటేసిన 26 లక్షల పైచిలుకు జనానికి దక్కింది సున్నా. 2016లో డొనాల్డ్ ట్రంప్ కేవలం 44 వేల పైచిలుకు ఆధిక్యంతో ఆ 20 ఓట్లనూ గెలుచుకున్నారు.

ఇది అన్యాయమనుకునేవారు మెయిన్, నెబ్రాస్కా రాష్ట్రాలను చూపిస్తారు. అక్కడ ప్రతినిధుల సభ నియోజకవర్గానికి ఒక్కో ఓటు, రాష్ట్రమంతటా గెలిచినవారికి మరో రెండు. 2020లో నెబ్రాస్కాలో ట్రంప్‌కు నాలుగు వస్తే, ఒమాహా నగరమున్న నియోజకవర్గం జో బైడెన్‌కు ఒకటిచ్చింది. 2011లో రిపబ్లికన్ రాష్ట్ర సెనేటర్ డొమినిక్ పిలెగ్గీ పెన్సిల్వేనియాకూ ఈ పద్ధతినే ప్రతిపాదించారు. అది నెగ్గలేదు. నెగ్గి ఉంటే 2012లో ఏమయ్యేది?

మొత్తం 18 నియోజకవర్గాల్లో 13 చోట్ల రామ్నీదే పైచేయి. ఆయనకు 13, ఒబామాకు 5, రాష్ట్రం గెలిచినందుకు మరో 2, వెరసి 7. మూడు లక్షలకు పైగా ఓట్లతో ఓడిన అభ్యర్థికి దాదాపు రెట్టింపు! తప్పంతా నియోజకవర్గాల సరిహద్దులు గీసిన పటానిది. డెమొక్రాట్లను ఫిలడెల్ఫియా వంటి చోట్ల కొన్ని నియోజకవర్గాల్లో కుక్కి, మిగిలినవాటిని రిపబ్లికన్లకు అనుకూలంగా గీశారు. ఏడో నియోజకవర్గం ఆకారం కార్టూన్ బొమ్మ గూఫీ డొనాల్డ్ డక్‌ను తన్నుతున్నట్టుందని జనం చెప్పుకున్నారు. 2018లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ పటాన్ని కొట్టివేసింది. అందుకే గంపగుత్త, నియోజకవర్గాలవారీ, దామాషా అనే మూడు పద్ధతుల్లో నేను గట్టిగా వద్దనేది ఈ నియోజకవర్గాల పద్ధతినే. నియోజకవర్గాల పునర్విభజనే ఎంతో పెద్ద పోరు, దానికి అధ్యక్ష పదవిని కూడా ముడిపెట్టడం ప్రమాదకరం.

ఇక దామాషా లెక్క. రాష్ట్రంలో వచ్చిన ఓట్ల శాతం ప్రకారమే పంచితే ఒబామాకు 11, రామ్నీకి 9. ఐదు శాతానికి పైగా ఆధిక్యానికి రెండు ఓట్ల తేడాయేనా అన్న అభ్యంతరం రావచ్చు. అయినా ఓడిన పక్షం ఓట్లు గల్లంతు కావు, సరిహద్దులు గీసేవారి చేతివాటానికి తావుండదు. చిక్కల్లా ఒంటరిగా మారితేనే. కాలిఫోర్నియా, టెక్సాస్ గంపగుత్తగా ఇస్తుంటే ఇలా ఇంచుమించు సగం సగం పంచే రాష్ట్రానికి ఏ అభ్యర్థి పనిగట్టుకుని వస్తాడు? 2004లో కొలరాడో ఓటర్లు దామాషా ప్రతిపాదనను తిరస్కరించారు.

రాష్ట్రాలన్నీ కలిసి మారితే నేను దామాషా వైపే. పెన్సిల్వేనియా ఒక్కటే నిర్ణయించుకోవలసి వస్తే, గంపగుత్త పద్ధతినే అట్టే పెట్టుకోమంటాను.